గొంగడి పరిచిన అవ్వ

ఫౌజీ అదాలత్‌లో, అంటే సైనికుల కోర్టులో, ఒప్పందం కుదిరిందట. ఎక్కడో దూరదేశపు యుద్ధంలో ఇండ్లలో ఉన్న జనాన్ని కాల్చిన సిపాయి ఒకడు చిన్న నేరం ఒప్పుకుంటాడట, పై అధికారులు పెద్ద నేరం కొట్టేస్తారట. ఇక సాక్షులు అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు, అందరికీ శ్రమ తప్పింది. పేపర్లో లోపలి పేజీలో, సిమెంటు ప్రకటన కింద వేశారు. సిమెంటుకు దొరికిన జాగాలో సగం కూడా దానికి దొరకలేదు.

చదివి పేపరు కింద పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. ఎనభై దాటినవాడికి కోపం మంచిది కాదని మా కోడలు అంటుంది. మంచిది కాదంటే రాకుండా ఉంటుందా? ఒప్పందం అంటే ఎవరికి, ఎవరికి మధ్య? కాల్చినవాడిది ఒక చెయ్యి, తుపాకి ఇచ్చినవాడిది ఒక చెయ్యి. ఆ రెండు చేతులూ కలిస్తే సరిపోయిందా? చచ్చినవాడి దిక్కు నుంచి చెయ్యి కలిపింది ఎవరు?

ఈ ప్రశ్న నా సొంతం కాదు. రెండో జర్మనీ యుద్ధం రోజుల్లో ఎల్లారెడ్డిలో, సర్కారీ బంగళా గేటు ముందర గొర్రెలు కాచే కురుమ ముసలామె ఒకామె అడిగిన ప్రశ్న. ఆమె గుర్తుకు రాగానే కోపం సగం చల్లారి నవ్వొచ్చింది. ఆమెతో అదే చిక్కు. ఎంత పెద్ద అన్యాయాన్ని తలుచుకుని పండ్లు కొరుకుతున్నా, మధ్యలోకి వచ్చి నవ్విస్తుంది.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆమెకు గిట్టేది కాదు. "పేరు వెట్టి పిలిచేది వెట్టికి పిలిచెటోడే బిడ్డా. మనోడైతే అవ్వా అంటడు" అనేది. కాబట్టి అవ్వ.

నేను మేర పనివాణ్ణి. బడి మొహం చూడలేదు. తెలుగు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను, ఉర్దూ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను. సరిహద్దులోని డోంగ్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకు అంగీలు కుట్టీ కుట్టీ మరాఠీ చెవికి అబ్బింది. ఎల్లారెడ్డి అంగడి బజారులో ఒక అరుగు మీద నా కుట్టుమిషను ఉండేది. అంగడి రోజున, అంటే వారపు సంత నాడు, అవ్వ వచ్చి ఆ అరుగు కొసన గొంగళ్ళు పరుచుకునేది. ఒక్కనాడూ అడగలేదు. నేనొకసారి అడిగి చూశాను.

"అవ్వా, అరుగు నాది గద?"

"అరుగు నీదే బిడ్డా. నీడ దేవునిది. నేను నీడల కూసున్న."

ఇంతకీ ఆ అరుగు కూడా నాది కాదు, ఒక కోమటాయనది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసని నాకు తెలుసు. దానితో ఆ వ్యవహారం ముగిసింది.

ఆమె పక్కన ముసలాయన కూర్చునేవాడు. సన్నగా, చింతబరిగెలా ఉండేవాడు. కర్ర గడ్డం కింద ఆనించుకుని ఆకాశం చూస్తూ ఉండేవాడు. ఎవరు పలకరించినా "ఊఁ" అనేవాడు, అంతే. "మా ముసలోడు మాటలన్ని నాకు గుత్తకిచ్చిండు. ఒక్క ఊఁ మాత్రం తనకు ఉంచుకున్నడు" అని అవ్వ అందరికీ చెప్పేది. ఆ మాటకూ ఆయన "ఊఁ" అనేవాడు. ఊరి జీవాలన్నీ ఆయన మందలోనే ఉండేవి. ఎవరింట్లో నాలుగు గొర్రెలున్నా తెచ్చి ఆయన మందలో కలిపేవాళ్ళు. ఆయన చేతిలో గొర్రె తప్పిపోదు, తోడేలు పాలు కాదు అని ఆ చుట్టుపక్కల నమ్మకం.

ఆ మందలో పొట్టేళ్ళకు అవ్వ పెట్టిన పేర్లు వినాలి. ఒకటి తాసిల్దారు. ఒకటి అమీను. చెవి తెగినది ఒకటి గిర్దావరు. ఒక అంగడి నాడు శిస్తు లెక్కలు చూసే అసలు గిర్దావరు నా దగ్గర నిలబడి షేర్వానీ కొలతలు ఇస్తున్నాడు. అరుగు కొసన అవ్వ ఎవరితోనో గొంతెత్తి చెబుతోంది:

"మా గిర్దావరుకు రాత్రి సంది ఒక్కతీరుగ పారుతున్నది. ఆకు నూరి పోసినం, అయినా ఆగలే."

గిర్దావరు చేతులు చాపి ఉన్నవాడు చాపినట్లే తిరిగాడు. "ఏయ్ ముసల్దానా! ఎవర్ని అంటున్నవ్?"

"నిన్ను గాదయ్యా, మా పొట్టేలును. నీకు పారితే నాకెట్ల ఎరుకైతది?"

"దానికి నా పేరెందుకు పెట్టినవ్?"

"నీ పేరు యాడ పెట్టిన? నీ కొలువు పెట్టిన. అది గూడ ఊరూరు తిరుగుతది, ఎవ్వలింటి ముంగట ఏం దొరికితే అది తింటది."

బజారంతా గొల్లుమంది. గిర్దావరు కోపంగా ముసలాయన వైపు తిరిగి "నీ పెండ్లానికి బుద్ధి చెప్పవా?" అన్నాడు. ముసలాయన ఆకాశం నుంచి చూపు దించి, కాసేపు ఆలోచించి, "ఊఁ" అన్నాడు. గిర్దావరు షేర్వానీ మాత్రం నా దగ్గరే కుట్టించుకున్నాడు లెండి.

గొంగడి అమ్మడంలో ఆమెది వేరే పద్ధతి. ముందు ధర చెప్పదు. "కప్పుకో. కప్పుకోని నడువు. గొంగడి నిన్ను ఒప్పుకోవాలె" అంటుంది. కొనేవాడు కప్పుకుని బజారు చివరిదాకా నడిచి రావాలి. ఆమె తల వంచి చూస్తుంది. నచ్చకపోతే "ఇది నీకు గాదు బిడ్డా, నీ నడకకు చిరిగిపోతది" అని గుంజుకుంటుంది. ఇలా ఎంతమందిని తిప్పి పంపిందో! ముసలాయన అడ్డు చెప్పేవాడా? ఊఁ.

చలికాలంలో నేను దారపుండలకూ బట్టకూ కామారెడ్డి వెళ్ళేవాణ్ణి. ఆమె కూడా మూట నెత్తిన పెట్టుకుని అదే బస్సెక్కేది, రైలు స్టేషన్లో అమ్మడానికి. ఒకసారి హైదరాబాదు పోయే బండి ఆగింది. మెత్తటి కోటు వేసుకున్న వకీలు ఒకాయన కిటికీలోంచి గొంగడి చూసి ఎంతకిస్తావన్నాడు.

"దిగు" అంది అవ్వ.

"ఎందుకు?"

"కప్పుకోని నడువాలె."

ఆయన నవ్వుతూ దిగాడు, పల్లెటూరి సరదా అనుకున్నాడు. కప్పుకున్నాడు. ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచాడు. ఆ కోటు మీద ఆ గొంగడిలో కొత్త అల్లుడిలా ఉన్నాడు, నాకే ముచ్చటేసింది. తిరిగి వస్తుంటే బండి కదిలింది. ఆయన పరుగెత్తాడు, గొంగడి కాళ్ళకు అడ్డం పడింది, బండి వెళ్ళిపోయింది. పెట్టె బండిలో, టోపీ బండిలో, ఆయన మాత్రం కామారెడ్డిలో.

"నీ మీద కేసు వేస్తాను!" అని అరిచాడు.

"తర్వాత ఎయ్యి బిడ్డా. మల్ల బండి ఇప్పట్ల రాదు, చలి పెడ్తది, ముందుగాల నిండుగ కప్పుకో" అంది. తన సద్దిమూట విప్పి జొన్నరొట్టె చేతిలో పెట్టింది. తర్వాతి బండి వచ్చేదాకా ఆ వకీలు మా ఇద్దరి మధ్య కూర్చుని రొట్టె తిన్నాడు, కోర్టు ముచ్చట్లు చెప్పాడు. ఎక్కేటప్పుడు గొంగడి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. "నీ నడక మంచిగున్నది. అది నీదే" అంది. ఆయన ఇచ్చినంత పుచ్చుకుంది. ఆ వకీలు చెప్పిన ముచ్చట్లలో ఏది ఆమె మనసులో నిలిచిందో నాకు తెలియదు. కోర్టులంటే భయం మాత్రం ఆనాడే పోయిందనుకుంటాను.

ఇక అసలు సంగతి.

యుద్ధం ముదిరాక ఎల్లారెడ్డి బయట గుట్టల దగ్గర సిపాయిల లష్కరు దిగింది. గుట్టకు ఎదురుగా చాంద్‌మారీ పెట్టారు, అంటే సిపాయిలు గురి నేర్చుకునే చోటు. కాల్పులు జరిగేటప్పుడు గుట్ట మీద ఎర్రజెండా ఎగురుతుంది, దించితే మనుషులూ పశువులూ పోవచ్చు అని డప్పు కొట్టి చాటారు. గొర్రెల కాపరులకు ఆ జెండా మాకంటే ముందే కనబడేది. గుట్ట వెనక నీళ్ళ మడుగు ఉంది, ఎండాకాలం జీవాలకు అదే గతి.

ఒక మధ్యాహ్నం ముసలాయన మందను ఆ మడుగుకు తోలాడు. తుపాకిగుండు తగిలింది. సాయంత్రానికి మనిషి లేడు.

పోలీసు అమీను చేతులెత్తేశాడు. "మనిషి మనోడు, తుపాకి మనది గాదు. ఇది ఫౌజీ మామిలా" అన్నాడు. లష్కరు వాళ్ళు తమలో తామే దర్యాప్తు చేసుకుని పటేలుకు ఒక మాట చెప్పి పంపారు: జెండా ఎగురుతుండగానే ముసలోడు లోపలికి వచ్చాడు. కాల్చిన సిపాయి మీద పేరుకొక విచారణ కచేరీ పెడతామన్నారు. పటేలు ఆ జెండా మాటను ఊరంతా పంచాడు.

ఆ మాట ఏం చేసిందో పట్నం వాళ్ళకు అర్థం కాదు. ఎర్రజెండా దాటి మందను తోలే కాపరి అంటే నిండు సంసారాన్ని బావిలోకి తోలేవాడితో సమానం. మంద అప్పటికి ముసలాయన కొడుకుల చేతికి వచ్చింది. పెద్ద మీసాల రైతు ఒకాయన మొదట వచ్చి తన జీవాలను మంద నుంచి వేరు చేసుకుని పోయాడు. "తండ్రి గట్ల చేసిండంటే కొడుకులేం చూస్తరు?" అన్నాడు. ఆయన వెనక ఇంకొకడు. ఊళ్ళో అందరూ చూస్తుండగా మంద పలుచబడింది. అవ్వ ఎవరినీ తిట్టలేదు. దానికే మాకు భయమేసింది.

"నాకు ఎవ్వని శిక్ష అక్కెర లేదు బిడ్డా" అంది నాతో. "నా ముసలోడు జెండ దాటలేదు. గీ ఒక్క మాట మంది ముంగట బయటికి రావాలె. ఫౌజోళ్ళ కచేరిల సాచ్చెం అడుగుతరట. అప్పుడస్తది."

సాక్షులు ఉన్నారు. గుట్ట మీద కట్టెలు కొట్టే అన్నదమ్ములిద్దరు జెండా దిగి ఉండడం చూశారు. ఇద్దరూ ఉతికిన ధోవతులు కట్టుకుని వచ్చారు. ఏం చెప్పాలో ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ, "నువ్వు జెండ ముచ్చట జెప్పు, నేను మడుగు ముచ్చట జెప్తా" అని పంచుకున్నారు కూడా.

కచేరీ పెట్టింది సర్కారీ బంగళాలో, అంగడి రోజున. లష్కరు వాళ్ళ అంగీలకు గుండీలు కుట్టే పని నాకే ఉండేది కాబట్టి నేను వరండాలో ఉన్నాను. లోపల తెల్ల కప్తాను, ఇంకా ఇద్దరు. ఎదురుగా సిపాయి, ఇరవై యేండ్ల వాడు, నల్లగా, బక్కగా. ఒక నేరం చదివారు: అజాగ్రత్తతో మనిషిని చంపడం. కాదన్నాడు. ఇంకొక నేరం చదివారు: హుకుం లేకుండా తుపాకి పేల్చి సర్కారీ గుండ్లు దండుగ చెయ్యడం. అవునన్నాడు. మొదటిది కొట్టేశారు, రెండోదానికి కొద్దిపాటి ఖైదు రాశారు. కుర్చీలు జరిగాయి. నా చేతిలోని అంగీకి గుండీలు కుట్టడం ఇంకా పూర్తి కాలేదు.

"గింతేనా?" అన్నాను పక్కనున్న హవల్దారుతో.

"సౌదా ముందే అయిపోయింది దర్జీ" అని నవ్వాడు అతను. "పల్టన్ లామ్ మీదికి పోవాలె. ఎవరికి టైమ్ ఉంది?"

సౌదా అంటే బేరం, లామ్ అంటే యుద్ధరంగం. నాకు ఒళ్ళు మండింది. ఈరోజుకీ మండుతుంది. గుండ్లు దండుగ చేసినందుకు శిక్ష! మరి ఆ గుండు ఎక్కడికి పోయిందయ్యా? గాలిలోకి పోయిందా? గుండుకు ధర ఉంది, అది తగిలిన మనిషికి లేదు. జెండా మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే దాన్ని దించమన్నది ఎవరు, మళ్ళీ ఎగరెయ్యకుండానే కాల్పులు ఎలా జరిగాయి అని అడగాల్సి వస్తుంది. ఒప్పుకున్నాడు కాబట్టి అడగాల్సిన పని లేకపోయింది. ఒప్పుకోలుతో నోరు మూయించడం అప్పుడే చూశాను.

బయటికి వచ్చి చెప్పాను. కట్టెలు కొట్టే అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. "మరి మా సాచ్చెం ఎవలకు జెప్పాలె ఇప్పుడు?" అన్నాడు పెద్దవాడు, పెండ్లి తప్పిపోయినవాడిలా.

అవ్వ లేచింది. భుజం మీది నల్ల గొంగడి తీసింది, ముసలాయనదే. దులిపింది. బంగళా గేటుకు ఎదురుగా, లారీలు బయటికి పోయే దారికి అడ్డంగా, నేల మీద పరిచింది. ఒక మూలన కూర్చుంది.

కురుమవాళ్ళలో తగవు తెంపేది అలాగే. గొంగడి పరిస్తే పంచాయితీ మొదలైనట్టు. చెప్పులతో దాన్ని తొక్కరాదు. దాని మీద కూర్చున్నవాడు అబద్ధం ఆడరాదు. "తప్పయింది" అనేసి లేచిపోతే చెల్లదు, ఎలా మొదలైంది, ఏం చూశావు, ఏమనుకున్నావు, అన్నీ మొదటి నుంచి చెప్పాలి. చెప్పడం అయ్యాక, చెప్పినవాడూ విన్నవాడూ చెరో అంచు పట్టుకుని మడవాలి. ఒక్కరే మడవడానికి లేదు.

అమీను పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్ ముసల్దానా, లే! లారీలు పోవాలె."

"పోనీ. నేను లారీనేమన్న పట్టుకున్ననా? కూసున్న."

"తొవ్వ మీద కూసుంటవా?"

"మీ తాసిల్దారు గూడ మొన్న తొవ్వ మీదనే కూసున్నడు, మా ఇంటి ముంగట. ఎంత అదిలిచ్చినా లేవలే." తర్వాత మెల్లగా, "పొట్టేలయ్యా, పొట్టేలు" అంది. అంగడి జనం అప్పటికే చుట్టూ మూగారు. ముందు నవ్వింది ఆడవాళ్ళు.

కప్తాను వచ్చాడు. వచ్చీరాని ఉర్దూలో ఏం కావాలన్నాడు. నన్ను తర్జుమా చెయ్యమన్నారు.

"నా వాటా కావాలె" అంది అవ్వ.

"పైసలా?"

"పైసలు గాదు. ఆ పిలగాడు మీకు చెప్పేది మీకు చెప్పిండు, మీరూ మీరూ ఒప్పుకున్నరు. మంచిది. పోయినోని దిక్కుకెళ్ళి ఒప్పుకున్నది ఎవలు? నాకు చెప్పేది నాకు చెప్పమను. మొదటిసంది చెప్పమను."

కప్తాను తల అడ్డంగా ఊపాడు. అయిపోయిందన్నాడు. తీర్పు చదివాక ఆ సంగతి మీద అతన్ని మళ్ళీ విచారించడం లేదు, మళ్ళీ శిక్షించడం లేదు, అది తమ కానూను అన్నాడు. నేను తర్జుమా చేశాను. ఆమె కళ్ళు చిన్నవి చేసి విన్నది.

"మల్ల చెప్పు బిడ్డా. గిప్పుడు ఆ పిలగాడు ఏం జెప్పినా మల్ల శిక్ష పడదా?"

అడిగాను. "పడదట."

"సాబ్‌నే అన్నడా గీ మాట?"

"సాబే అన్నడు."

"ఇగ భయమేంది మరి? గిప్పుడు జెప్తే కానూనుకేం నష్టం? తీరుబడిగ కూసోని చెప్పమను."

ఏ వకీలు చదువు చదివినా ఈ మాట తట్టేది కాదు. కప్తాను గడియారం చూసుకున్నాడు. మనిషికి జవాబు దొరకనప్పుడు గడియారం పనికొస్తుంది. సిపాయిని తెచ్చి లారీ ఎక్కించమని ఇంగ్లీషులో అరిచాడు.

ఇద్దరి మధ్య సిపాయి నడిచి వచ్చాడు. గొంగడి దగ్గర ఆగాడు. పక్కవాళ్ళు ముందుకు తోశారు. కదలలేదు. వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో కప్తానుకు అర్థం కాలేదు, నాకూ వెంటనే అర్థం కాలేదు. అవ్వకు అయింది. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. వాడు వట్టికాళ్ళతో గొంగడి మీదికి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఎవ్వలోళ్ళవు బిడ్డా?"

"ధన్‌గర్" అన్నాడు. డోంగ్లి అవతల, మరాఠీ వైపు గొర్రెల కాపరులు. వాళ్ళదీ అదే గొంగడి, అదే కట్టు. ఎండాకాలం మందలు తోలుకుని ఆ వైపు తిరిగిన అవ్వకు మరాఠీ మా తెలుగంత సులువు. గుంపులో సగంమందికి వచ్చు. రానిది కప్తానుకే.

వాడు మొదటి నుంచి చెప్పాడు. నాకు గుర్తున్నంత తెలుగులో రాస్తున్నాను.

"కాల్పులు ఆపేశారు. అన్నం తినడానికి జెండా దించారు. అన్నం తిన్నాక నలుగురం పందెం కట్టుకున్నాం, రాయి మీద కుండ పెట్టి కొట్టాలని. జెండా మళ్ళీ కట్టలేదు. కట్టాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నేను కాల్చాను. కుండ అలాగే ఉంది. అవతల గొర్రెలు బెదిరి అరిచిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. పరుగెత్తాను."

మీసాల రైతు గుంపులో వెనక్కి జరగడం నేను చూశాను.

"ఏం చెప్తున్నాడు?" అని కప్తాను నన్ను అడిగాడు.

"మాఫీ అడుగుతున్నాడు సాబ్" అన్నాను.

అబద్ధమే. కానీ నేను గొంగడి మీద కూర్చోలేదు, నిలబడి చెప్పాను.

"నీళ్ళు తాగిండా?" అంది అవ్వ.

"నా సీసా ఇచ్చాను. తాగలేదు. చెదిరిపోతున్న గొర్రెలను చూపించాడు, మలపమన్నాడు."

"మలిపినవా?"

"మలిపాను."

"ఎట్ల అదిలిచ్చినవ్? అదిలిచ్చి చూపెట్టు."

సిపాయి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత నాలుక మడిచి, గొంతులోంచి కాపరులు వేసే కూత వేశాడు. అంగడిలో అమ్మకానికి కట్టేసిన గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి ఇటు తిరిగాయి. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. అవ్వ తృప్తిగా తల ఊపింది. పరీక్ష నెగ్గాడన్నమాట.

"మాట్లాడిండా ఏమన్న? నా ముసలోడు మాట్లాడడు. ఊఁ అన్నడా?"

సిపాయి తల వంచుకున్నాడు. "ఒక మాట అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"గొంగడి మీద కూసున్నవు బిడ్డా."

"'మా ఆమెకు చెప్పకు, తిడ్తది' అన్నాడు."

అప్పుడు అవ్వ అందుకుంది చూడండి తిట్లు! సిపాయిని కాదు, కప్తానును కాదు. ముసలాయనను.

"ఓరి నీ ముదనష్టం! బతికినన్నొద్దులు ఊఁ తప్ప నోరు తెరవనోనివి, నోరు తెరిచి నా మీద చాడీ జెప్తవా? అదీ పరాయి పిలగానికి! తిడ్తనని భయమా? ఎన్నడన్న భయపడ్డవా? భయపడెటోనివైతే నీళ్ళు తాగకపోతివా? దొంగముసలోడా, నాకు చెప్పకుండ యాడికి పోతవురా!" 

చెయ్యెత్తి ఆకాశం వైపు, ఆయన ఎప్పుడూ చూసే దిక్కుకే, వేలు చూపించి తిట్టింది. ముసలాయన నిజంగానే అక్కడ నిలబడి ఉన్నట్టు అందరం పైకి చూశాం. ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వుతున్నారు. సిపాయికి కూడా, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో, భుజాలు అదురుతున్నాయి. తిట్లు అన్నీ అయ్యాక ఆమె ఊపిరి పీల్చుకుని, తేలికపడ్డ గొంతుతో "ఆఁ, పట్టు బిడ్డా" అంది.

ఇద్దరూ చెరో అంచు పట్టుకుని గొంగడి మడిచారు. వాడికి మడత రీతి తెలుసు. బూట్లు తొడుక్కుని లారీ ఎక్కాడు. ఆమె వాడిని క్షమించిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. కథలు రాసేవాళ్ళకు క్షమించడం చాలా ఇష్టం. ఆమె ఆ మాట అనలేదు, వాడూ అడగలేదు. వాడు చెప్పాల్సింది చెప్పాడు, ఆమె వినాల్సింది విన్నది. ఆ లష్కరు తర్వాత ఏ దేశం పోయిందో, వాడు తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. ఎర్రజెండా మాట మాత్రం ఆ సాయంత్రానికే ఎల్లారెడ్డి దాటి పిట్లం దాకా పోయిందని విన్నాను. కట్టెలు కొట్టే అన్నదమ్ములు దొరికినవాడినల్లా ఆపి తమ సాక్ష్యం చెప్పుకున్నారు, జెండా ముచ్చట ఒకడు, మడుగు ముచ్చట ఒకడు.

లారీల దుమ్ము ఇంకా అణగలేదు. మీసాల రైతు గొంతు సవరించుకుంటూ ముందుకొచ్చాడు.

"అవ్వా, పొద్దుగాల నా జీవాలను తోలుకొస్తా. మల్ల మందల కలుపు."

అవ్వ ఆయన్ని కిందనుంచి మీదికి చూసింది. భుజాన వేసుకున్న గొంగడి దించింది. ఒక అంచు ఆయన చేతికిచ్చింది.

"పట్టు. నేల మీద పరువు."

"ఎందుకవ్వా?"

"చెప్పులిడిచి కూసో. నా ముసలోడు జెండ దాటిండని నీకు ఎవలు జెప్పిన్రు, నువ్వెట్ల నమ్మినవ్, మొదటిసంది చెప్పు."

"గింత మందిలనా?"

"జీవాలను మలుపుకపోయింది గింత మందిలనే గద?"

ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు, తీసేశాడు. చెప్పులు విడిచాడు. గొంగడి మీద కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొకడు అప్పటికే వంగి చెప్పులు విడుస్తున్నాడు.